తొంభై మూడు డిగ్రీల పూచీ

కాఫీ బాగాలేకపోతే అందరూ పొడిని తిడతారు, పాలను తిడతారు, చేసినవాళ్లను తిడతారు. నీళ్లను ఎవరూ ఏమీ అనరు. నీళ్లను పట్టుకుని నిలదీసేది, కనీసం మా అలియాబాద్‌లో, నేనొక్కదాన్నే.

నా పేరు అశ్రిత. శామీర్‌పేట దాటి కరీంనగర్ రోడ్డు మీద కొంచెం ముందుకొస్తే మా నాయిన ప్రతాప్ ప్లాట్ల ఆఫీసు కనిపిస్తుంది. అందులో ముందు గది ఆయనది. గోడ నిండా లేఅవుట్ మ్యాపులు, ప్లాస్టిక్ కుర్చీలు, పొద్దస్తమానం పంచాయతీ రాజకీయాలు. వెనక గది నాది. విప్పి పరిచిన ఎస్ప్రెసో కాఫీ మిషన్లు, స్క్రూడ్రైవర్లు, ఒక సింకు, నేను. ఆ గది ఇవ్వడానికి నాయిన మొదట్లో బాగా నసిగాడు. ప్లాటు చూడ్డానికి వచ్చినవాళ్లు కాఫీ వాసన తగిలితే తొందరగా లేవడం లేదని గమనించాక నసగడం మానేశాడు.

ఇళ్లలో వాడే చిన్న ఎస్ప్రెసో మిషన్లలో బాయిలర్‌కి ఒక థర్మోస్టాట్ ఉంటుంది, రూపాయి బిళ్లంత. నీళ్లు బాగా వేడెక్కాక అది కరెంటు ఆపేస్తుంది, బాగా చల్లారాక మళ్లీ ఇస్తుంది. ఈ రెండింటి మధ్య వేడి పది పన్నెండు డిగ్రీలు ఊగుతుంది. అందుకే వేడి ఎక్కువున్న ఏడు గంటలకు తీసిన కాఫీ మాడు చేదు, వేడి తగ్గిన ఏడుంబావుకు తీసింది పులుపు. మిషన్ అదే, పొడి అదే, మనిషీ అదే. ఇంట్లోవాళ్లు ఈలోగా ఒకరినొకరు అనుకుంటారు. నేను ఆ బిళ్లను పీకి అవతల పారేసి, దాని చోట వేడి కొలిచే సెన్సర్ బిగించి, దాన్ని ఒక చిన్న కంట్రోలర్‌కు కలుపుతాను. అది వేడి ఎక్కడిదాకా వచ్చిందో చూసుకుంటూ కరెంటును కొద్దికొద్దిగా వదులుతుంది. ముందుకు ఎర్రంకెల తెర ఒకటి వస్తుంది. దాని మీద కాఫీకి సరైన వేడి, 93.0 అని కనబడిందంటే ఇక కదలదు.

పని అయిపోయాక మిషన్ మీద ఒక చీటీ అతికిస్తాను. దాని మీద నా చేత్తో ఇలా రాసి ఉంటుంది: ‘పొడి మీద పడే నీళ్ల వేడి 93.0 డిగ్రీలు. అనుమానముంటే సెన్సర్ విప్పి మరుగుతున్న నీళ్లలో ముంచి చూడండి, 100 చూపిస్తుంది. చూపించకపోతే నాకు ఫోన్ చేయండి.’ కింద సంతకం. రెండేళ్లలో అలాంటివి నలభై ఒకటి చేశాను. మొన్న మార్చిదాకా ఫోన్ చేసినవాళ్లందరూ మెచ్చుకోవడానికే చేశారు.

నాకింత ధీమా ఎక్కడిదంటే తుర్కపల్లిది. అక్కడ ఒక మందుల కంపెనీ ల్యాబులో ఆరేళ్లు పనిచేశాను. పేరు అనవసరం. పొద్దున్నే కంపెనీ క్యాబు ఎక్కడం, కుక్కర్‌లా ఆవిరి పట్టే ఆటోక్లేవులూ, లోపల ఒకే వేడి నిలిపే ఇంక్యుబేటర్లూ చెబుతున్న వేడి నిజమో కాదో కొలిచి కాగితం మీద సంతకం పెట్టడం నా పని. ఒక ఏడాది ఆడిట్‌కు ముందురోజు ఒక ఇంక్యుబేటర్ తన తెర మీద 37 అంది. నా థర్మామీటర్ 35 అంది. మా పై అధికారి ధర్మేందర్ సార్ వచ్చి నిలబడ్డాడు. రెండు డిగ్రీలకు ఎవరి ప్రాణమూ పోదు, సంతకం పెట్టు, ఆడిట్ అయ్యాక బాగు చేయిద్దాం అన్నాడు. నేను పెట్టలేదు. ఆయన వేరే అమ్మాయితో పెట్టించుకున్నాడు. నన్ను ఉద్యోగంలోంచి తీసేయలేదు గానీ, ఆ తర్వాత ఏ గదిలోకి వెళ్లినా మాటలు ఆగిపోయేవి. మూడో నెలలో నేనే రాజీనామా రాశాను.

ఆ కథ నేను ఎవరికి చెప్పలేదు గనక. కొత్త కస్టమర్ వస్తే కంట్రోలర్ గురించి రెండు నిమిషాలు, ఆ సంతకం గురించి పది నిమిషాలు చెప్పేదాన్ని. కథకు మంచి ముగింపు కూడా దొరికింది. పోయినేడు ఆ ధర్మేందర్ సారే గాజులరామారం నుంచి తన మిషన్ కారులో పెట్టుకుని మా ఆఫీసుకు వచ్చాడు. పాత సంగతి ఎత్తలేదు, కాఫీ నిలకడగా రావడం లేదన్నాడు, అంతే. నేను ఆయన మిషన్‌కు మిగతావాటికంటే శుభ్రంగా వైర్లు కట్టి, చీటీని ముందు భాగంలో, కళ్లకు కొట్టొచ్చేలా అతికించి పంపాను. అది ఎంత పొగరో నాకు తెలుసు. అప్పుడు మాత్రం చాలా సుఖంగా ఉండింది.

ఇక నా తప్పు చెబుతాను.

ల్యాబులో సరిగ్గా కొలుస్తుందని పత్రం ఉన్న థర్మామీటర్ ఉండేది. ఇక్కడ అది లేదు. లేకపోతే ఏం, మరిగే నీళ్లకంటే నిఖార్సైన కొలత ఇంకేముంటుంది అనుకున్నాను. గిన్నెలో నీళ్లు సలసలా మరిగించి మొదటి సెన్సర్ ముంచాను. 98 చూపించింది. చవక సరుకు అని తిట్టుకుని, కంట్రోలర్‌లో సవరణ అని ఒక గడి ఉంటుంది, అందులో రెండు కలిపాను. తెర మీద నూరు వచ్చింది. రెండో సెన్సరూ 98 అంది. మూడోదీ అంతే. సరుకు పంపినవాడికి ఫోన్ చేసి కడిగేశాను. మా పక్కన బోరు మోటార్లకు వైండింగ్ చేసే ఏజాజ్ భాయ్ నాకు సెన్సర్లు బిగించే ఇత్తడి మరలు చేసిపెడతాడు. అన్నీ ఒకేలెక్క తప్పు చూపిస్తాయా అని ఆయన ఒకసారి అడిగాడు. ఒకే ఫ్యాక్టరీలో పుట్టినవి, ఒకే తప్పు చేస్తాయి అని నోరు మూయించాను. నలభై ఒక్కసార్లు 98 వచ్చింది. నలభై ఒక్కసార్లు నేను రెండు కలిపాను.

మొన్న మార్చిలో కాకినాడ నుంచి పార్వతీదేవి గారు ఫోన్ చేశారు. ఆవిడకు అరవై దాటాయి, పాలు పడవు, అరకు గింజలు తేలిగ్గా వేయించినవి తెప్పించుకుని ఉత్త డికాక్షన్‌లా తాగుతారు. నెల కిందట పార్శిల్‌లో పంపిన మిషన్ ఆవిడది. కాఫీ కాస్త పుల్లగా ఉందన్నారు. పొడిని ఇంకొంచెం మెత్తగా పట్టించమన్నాను. పట్టించారు, అయినా పులుపే. అప్పుడు ఆవిడ నా చీటీ చదువుకుని, ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి సెన్సర్ విప్పించి, మరిగే నీళ్లలో ముంచారు.

“అమ్మాయ్, నువ్వు రాసినట్టే చేశానమ్మా. మా ఊళ్లో నీళ్లు నూట రెండు దగ్గర మరుగుతున్నాయి. మా నీళ్లకేమైనా జబ్బు చేసిందంటావా?”

నాకు నవ్వొచ్చింది. ఉప్పు కలిసిన నీళ్లు కాస్త ఎక్కువ వేడికి మరుగుతాయని, సముద్రం ఒడ్డు బోర్లలో ఉప్పు ఉంటుందని, అందుకే అలా చూపిస్తోందని పాఠం చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విన్నారు. మర్నాడు మళ్లీ ఫోన్. కొట్టు నుంచి సీసా నీళ్లు తెప్పించి మరిగించారట. నూట రెండే. వీడియో కూడా పంపారు. గిన్నెలో బుడగలు, పక్కన తెర మీద 101.9, వెనకనుంచి ఆవిడ గొంతు, చూశావా అని.

నాకు ఒళ్లు మండింది. నలభై మందికి లేని అనుమానం ఈవిడకెందుకు? ఎలక్ట్రీషియన్ వైరు సరిగా పెట్టి ఉండడన్నాను. ఆవిడ ఓపిగ్గా, పెట్టాడమ్మా నేను దగ్గరుండి చూశాను అన్నారు. ఇక లాభం లేదని ఆ ఉప్పు సంగతే ఇంకోలా మొదలుపెట్టాను.

“గట్ల కాదు మేడమ్. మీరేమో సముద్రం పక్కనే ఉన్నరు. మేమేమో ఇక్కడ...”

మేం ఇక్కడ ఎక్కడున్నాం? సముద్రానికి ఐదారు వందల మీటర్ల ఎత్తున ఉన్నాం.

ఎత్తుకు పోయేకొద్దీ గాలి బరువు తగ్గుతుంది, నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి. కుక్కర్‌లో ఆవిరిని మూతపెట్టి నొక్కితే ఎక్కువ వేడికి మరుగుతాయి. ఆరేళ్లు ఆటోక్లేవులు కొలిచినదాన్ని, ఈ సంగతి నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఎవరూ లేపి అడగలేదు. నీరు నూరు డిగ్రీల దగ్గర మరుగును అని చిన్నప్పుడు మా బడిలో అరిచి అరిచి కంఠతా పట్టాం. సముద్రమట్టం దగ్గర అనే ముక్క కూడా సార్ చెప్పే ఉంటాడు. మేము అరవడానికి వీలైన ముక్కనే పట్టుకున్నాం. అలియాబాద్‌లో నీళ్లు తొంభై ఎనిమిదికే మరుగుతాయి. ఆ సెన్సర్లన్నీ నిజమే చెప్పాయి. నేనే రెండు కలిపి ప్రతిదాన్నీ అబద్ధమాడించాను. తెర మీద తొంభై మూడు అని ఉన్న ప్రతి ఇంట్లో నీళ్లు తొంభై ఒకటి దగ్గరే పొడి మీద పడుతున్నాయి.

పార్వతీదేవి గారు లైన్లో ఉన్నావా అమ్మా అని అడుగుతున్నారు. మీదే కరెక్టు మేడమ్, రెండు రోజుల్లో నేనే ఫోన్ చేస్తాను అని పెట్టేశాను. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. అది ఎన్ని డిగ్రీలో కొలుచుకునే ధైర్యం లేదు.

అయినా అనుకోవడం వేరు, కొలవడం వేరు. మర్నాడు ఒక సెన్సర్, దాని కంట్రోలర్ సంచిలో వేసుకుని, ఏజాజ్ భాయ్ బండి మీద జీడిమెట్ల వైపు ఒక కొలతల ల్యాబుకు వెళ్లాను. అక్కడ ఇస్తారి అని ఒక పెద్దమనిషి, ఇలాంటి పరీక్షలు చేసి చేసి కనుబొమలు నెరిసినవాడు, దాన్ని తన పరికరంలో పెట్టి గంటసేపు చూశాడు. బయటకొచ్చి కాగితం నా చేతిలో పెట్టాడు.

“సెన్సర్ మంచిగనే ఉన్నదమ్మా. ఎవరో దీనికి రెండు కలిపిన్రు. ఎందుకు కలిపిన్రో వాళ్లనే అడుగుండ్రి.”

అడుగుతానని చెప్పాను. ఏజాజ్ భాయ్ నా ముఖం చూడకుండా గోడ మీద క్యాలెండర్ చూశాడు. ఆయన మర్యాద అలాంటిది.

తిరిగొచ్చాక తన షాపులో స్టూలు వేసి కూర్చోబెట్టి, నా పరేషాన్ చూడలేక ఒక ఉపాయం చెప్పాడు. సవరణ గడిలో రెండును సున్నా చేయడానికి మూడు బటన్లు నొక్కితే చాలు, ఎవరి ఇంట్లో వాళ్లే చేసుకోవచ్చు. కాబట్టి ఎవరికీ ఏమీ విప్పి చెప్పనక్కర్లేదు.

“ఫోన్లకు అప్‌డేట్లు వస్తయి గద చెల్లె. ఎందుకు వచ్చిందని ఎవడన్న అడుగుతడా? మనది గూడ అప్‌డేట్ అని చెప్దాం. నొక్కుమంటే నొక్కుతరు. అయిపోయె.”

దాచుకోవడం ఎందుకు, ఆ ఉపాయం నాకు చాలా నచ్చింది. గదిలోకి వచ్చి ఫోన్ తీసి, ‘వేసవి కానుకగా మీ మిషన్‌కు కొత్త అప్‌డేట్’ అని రాశాను. చదువుకుంటే ఎవడో చీరల దుకాణం వాడు రాసినట్టుంది. కొట్టేసి, కొంచెం నిజాయితీగా ఉంటుందని, ‘ఈ బ్యాచ్ సెన్సర్లలో చిన్న తేడా కనిపించింది’ అని రాశాను. అక్కడ వేలు ఆగిపోయింది. తేడా సెన్సర్లలో లేదు. ఒక్కోదాన్నీ పిలిచి అడిగితే, ఒక్కోటీ విడివిడిగా, ఒకే నిజం చెప్పింది. నలభై ఒక్క సాక్షులు ఒకే మాట చెబితే, అందరూ కూడబలుక్కున్నారు అన్నదాన్ని నేను. ఇప్పుడు మళ్లీ వాటి మీదికే నెట్టబోతున్నాను.

ఇంకో సంగతి కూడా అప్పుడే తట్టింది, తట్టి భయమేసింది. ఉద్యోగం వదిలొచ్చినప్పుడు నేను వెంట తెచ్చుకున్నది ఒక్కటే, కొలవనిదానికి సంతకం పెట్టను అనే మాట. నా దగ్గర చదువు తక్కువ, పెద్ద మిషన్లు లేవు, ఆ మాటే నా దుకాణం. ఇప్పుడు అప్‌డేట్ అని రాసి తప్పించుకుంటే నలభై ఒక్క కాఫీలు బాగవుతాయి. నేను మాత్రం తుర్కపల్లిలో ఆ సంతకం పెట్టినట్టే అవుతుంది, కాకపోతే నాలుగేళ్లు ఆలస్యంగా. ఆ రోజు నేను చేసినదంతా ఒట్టి మొండితనంగా మిగిలిపోతుంది.

మూడోసారి రాసింది ఇది: ‘మీ మిషన్ తెర మీద 93 అని ఉంటే అసలు వేడి 91. తప్పు మిషన్‌ది కాదు, సెన్సర్‌ది కాదు, నాది. అలియాబాద్‌లో నీళ్లు 98కే మరుగుతాయని మరచిపోయి 100 అనుకుని సరిచేశాను. ఎలా దిద్దుకోవాలో కింద రాశాను. కష్టమైతే నేనే వచ్చి చేస్తాను. పాత చీటీ చింపేయండి, కొత్తది పంపుతాను. అశ్రిత.’ మళ్లీ చదవకుండా అందరికీ పంపించాను. చదివితే ఒకటి రెండు మాటలు మెత్తగా మార్చేదాన్నని నాకు తెలుసు.

నాయినకు ఎవరో చూపించినట్టున్నారు, ముందు గదిలోంచి లేచి వచ్చాడు. ఇంత విప్పి రాయాలా బిడ్డా అన్నాడు. తన దగ్గర ప్లాటు రెండు గజాలు తగ్గితే రోడ్డు మింగిందని చెబుతాడట, ఎవరూ రోడ్డును వెళ్లి అడగరట. నా దగ్గర రోడ్డు లేదు నాయినా అన్నాను. ఆయన కాఫీ ఒకటి పెట్టివ్వమని అడిగి, తాగి వెళ్లాడు.

జవాబులు నేను భయపడినట్టు రాలేదు, అదే ఇంకా అవమానంగా తోచింది. ఎక్కువమంది బొటనవేలి బొమ్మ పంపారు. పాలు, రెండు చెంచాల చక్కెర వేసుకునేవాళ్లకు రెండు డిగ్రీలు ఎక్కడ తెలుస్తాయి? అల్వాల్ ఆయన ఒకడు మాత్రం మిషన్ వెనక్కి తీసుకోమన్నాడు, తీసుకున్నాను. పార్వతీదేవి గారు మూడు బటన్లూ నొక్కి, కాఫీ తాగి, మా నీళ్లకు జబ్బు నయమైందమ్మా అని ఫోన్ చేశారు. ఆవిడతో చాలాసేపు నవ్వాను.

మేడ్చల్ నుంచి వచ్చిన ఫోన్ మాత్రం నవ్వించలేదు. అక్కడ వంశీ, సృజన అని కొత్తగా ఇల్లు కట్టుకున్న జంట. ఆర్నెల్ల కిందట మిషన్ పంపాను. సృజన పాలు లేకుండా తాగుతుందట. మొదటి రోజు నుంచీ పుల్లగా ఉందని అంటూనే ఉందట.

“మీ చీటీ జూపిచ్చి మా ఆయన నా నోరు మూపిచ్చిండు మేడమ్. తొంభై మూడని సంతకం ఉన్నది జూడు, నీ నాలికదే తప్పంటడు. నేను గూడ నా నాలికదే తప్పేమో అనుకున్న.”

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఒక మనిషి నాలుక నిజం చెబుతుంటే నా సంతకం దాన్ని అబద్ధం చేసింది, అదీ ఆర్నెల్లు. ఆ సాయంత్రమే మేడ్చల్ వెళ్లాను. సవరణ తీసేసి, కాఫీ తీసి సృజనకిచ్చాను. ఆమె ఒక గుక్క తాగి భర్త వైపు చూసింది. నేను వంశీ దగ్గరికెళ్లి, మీ ఆవిడ నాలుక నాకంటే ముందే కనిపెట్టింది సార్, ఇకముందు నా చీటీకి కాకుండా ఆమె మాటకు విలువివ్వండి అన్నాను. ఆయన తల గోక్కున్నాడు. సృజన కప్పు కిందపెట్టకుండా మొత్తం తాగేసింది. ఆ రోజు తిరుగు ప్రయాణంలో నా మీద నాకు మళ్లీ కొంచెం నమ్మకం కలిగింది.

వారం తిరిగేసరికి నలభై సర్దుకున్నాయి. ధర్మేందర్ సార్ నుంచి మాత్రం ఏ కబురూ లేదు. మెసేజ్ చదివినట్టు నీలం గీతలు పడ్డాయి, అంతే. రెండుసార్లు ఫోన్ చేస్తే ఎత్తలేదు. వదిలేయవచ్చు, చెప్పాను కదా అనుకోవచ్చు. కానీ ఆయన ఒక్కడి దగ్గరికి వెళ్లకపోతే మిగతా నలభై మందికి చెప్పిందీ చెప్పినట్టు కాదని నాకు తెలుసు. ఆదివారం పొద్దున పనిముట్ల సంచి తీసుకుని గాజులరామారం వెళ్లాను.

తలుపు ఆయనే తీశాడు. లుంగీ, బనీను, ముక్కు మీదికి జారిన కళ్లద్దాలు. ఆ కంపెనీ నుంచి ఆయన కూడా ఏడాది కిందట రిటైరయ్యాడు. కూర్చోమన్నాడు. నేను కూర్చోలేదు, కూర్చుంటే మాట మెత్తబడుతుందని. వంటింటి గట్టు మీద మిషన్ ఉంది, ముందు నా చీటీ తళతళలాడుతోంది.

“సార్, మీ మిషన్ వేడి రెండు డిగ్రీలు తక్కువుంది. తప్పు నాది. సరిగ కొలవకుండ సంతకం పెట్టిన.”

ఆయన కళ్లద్దాలు పైకి తోసుకున్నాడు. మెసేజ్ వచ్చిన రోజే చదివాడట, నాలుగుసార్లు చదివాడట. ఏమని జవాబివ్వాలో తెలియలేదట. నేను ఆయన వెక్కిరిస్తాడని సిద్ధపడి వచ్చాను, వెక్కిరిస్తే తేలికయ్యేది. ఆయన చాలా దయగా, నా భుజం తట్టినంత మెత్తగా మాట్లాడాడు.

“ఇగ మనం ఒకటే అయినం గద అశ్రితా. ఆనాడు నన్ను దొంగను జూసినట్టు జూసినవ్. సూడు, అందరం పెడ్తం గసొంటి సంతకాలు. రెండు డిగ్రీలది ఏమున్నది, మనసుల వెట్టుకోకు.”

నిజం చెబుతున్నాను, ఒక్క క్షణం నాకు హాయిగా అనిపించింది. ఎవరైనా ఆ మాట అంటే బాగుండునని వారం రోజులుగా నాలో ఏదో మూల ఎదురుచూస్తూనే ఉన్నాను. ఆ హాయి చూసుకుని నాకే భయమేసింది. ఆ వేరే అమ్మాయి కూడా ఆ రోజు ఇలాంటి మెత్తటి మాట వినే కలం తీసి ఉంటుంది.

“ఒకటే సార్, ఇప్పటిదాక. గందుకే దిద్దుతున్న.”

నేను మిషన్ ఆన్ చేసి, బటన్లు నొక్కి, సవరణను సున్నా చేశాను. తెర మీద అంకె రెండు దిగి, మళ్లీ మెల్లగా ఎక్కి 93.0 దగ్గర నిలబడింది. ఈసారి అది నిజం. పొడి నింపి, నొక్కి, కాఫీ తీశాను. పాలు ఆయనే కలుపుకున్నాడు. ఒక గుక్క తాగాడు, ఇంకో గుక్క తాగాడు, మొహం కొంచెం ముడిచాడు. చేదు పెరిగిందన్నాడు. ముందు తాగిందే బాగుండె అన్నాడు.

నాకు ఒక్కసారిగా నవ్వాగలేదు. ఇంత మథనపడి, ఇంత దూరం వచ్చి సరిచేస్తే, ఈయన నాలుకకు నా తప్పే రుచిగా ఉంది. ఆయన పొడి ముదురుగా వేయించినది, దానికి తక్కువ వేడే నప్పుతుంది. అందులో వింతేమీ లేదు. సరే సార్, మీకు తొంభై ఒకటే పెడతాను అని అంకె దించాను. బాయిలర్ చల్లారేదాకా ఇద్దరం కిటికీలోంచి ఎదురింటి వాటర్ ట్యాంకు నిండి పొర్లడం చూస్తూ నిలబడ్డాం. మళ్లీ కాఫీ తీశాను. తాగి, తల ఊపి, ఇదీ అన్నాడు. సంతోషంగానే అన్నాడు. తర్వాత తెర మీద 91.0 చూసి ఇబ్బందిగా కదిలాడు.

“రుచి గిట్లనే ఉండనీ. గా అంకె మాత్రం తొంభై మూడే జూపియ్యరాదు? మా బామ్మర్ది వస్తే సూస్తడు. అసలైన కాఫీకి తొంభై మూడని వాడే అందరికి చెప్తడు.”

అడిగిన తీరులో మోసం ఏమీ లేదు. ఒక పెద్దాయన తన ఇంట్లో, తన కాఫీకి, చిన్న గౌరవం అడుగుతున్నాడు. రెండు కలిపితే సరిపోతుంది, నా చేతికి అలవాటైన పనే. ఎవరికీ నష్టం లేదు, ఎవరి ప్రాణమూ పోదు.

“రుచి మీ ఇష్టం సార్. అంకె నాది.”

కోపం రాలేదు ఆయనకు. కళ్లద్దాలు తీసి బనీను అంచుతో తుడుచుకున్నాడు, అవసరం లేకపోయినా. ఆ తర్వాత లోపలికి వెళ్లి కలం తెచ్చి, దాని మూత తీసి నా చేతికిచ్చాడు. నేను కొత్త చీటీ మీద తొంభై ఒకటి అని రాసి, సంతకం పెట్టాను.